కూలీ రాయని లెక్క

జైల్లో నేను చెప్పే వ్యాపార లెక్కల తరగతిలో, ఒక పంక్చర్ వేస్తే ఎంత ఖర్చవుతుందో, చివరికి ఎంత మిగులుతుందో రాయమని నేను అడిగితే, ఆ పని తెలిసిన ఒక ఖైదీ కాగితం మీద ఒకదాని కింద ఒకటిగా పొందికగా రాసుకొచ్చాడు. ప్యాచ్ 8 రూపాయలు, సొల్యూషన్ 4, కరెంటు 6, కొట్టు అద్దెలో ఒక్కో పంక్చర్ వంతుకు వచ్చేది 15. తీసుకునేది 100 కాబట్టి మిగిలేది 67 అని కింద గీత గీసి చూపించాడు. కూడిక, తీసివేత రెండూ సరిగ్గానే ఉన్నాయి. "మరి నీ కూలీ ఏదయ్యా?" అని అడిగాను. "ఏసేది నేనే గదా సార్, నాకు కూలీ ఏంది?" అన్నాడు. పక్కవాళ్ల కాగితాలు కూడా చూశాను. ఆ రోజు తరగతిలో కూర్చున్న 14 మందిలో టీ కొట్టు లెక్క వేసినవాడు గానీ, ఇస్త్రీ బండి లెక్క వేసినవాడు గానీ, మేకల పెంపకం లెక్క వేసినవాడు గానీ తన శ్రమకు ఒక్క రూపాయి కూడా రాసుకోలేదు.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లలో చాలామంది ఈ పొరపాటు చేస్తారు. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన ప్రాజెక్టు రిపోర్టుల్లో దీన్ని లెక్కలేనన్ని సార్లు సరిదిద్దాను. కానీ అక్కడ అది మరచిపోవడం వల్ల జరిగేది. ఒక మాట చెబితే నాలుక కరుచుకుని వెంటనే రాసేవారు. ఇక్కడ మాత్రం చెప్పిన తరువాత కూడా వాళ్ల కలం ముందుకు సాగలేదు. ఎంత రాయాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఆ పంక్చర్ అతను చివరికి "ఇక్కడ రోజు గడిస్తే చాలనుకుంటాం సార్, దానికి రేటు కట్టే అలవాటు పోయింది" అన్నాడు. నేను వ్యాపార శిక్షణ ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి. ఏ పాఠం దగ్గర మొదలుపెట్టాలో నాకు ఆ మాటతోనే తెలిసింది.

ఈ తరగతి జరిగేది చెన్నై పుళల్ కేంద్ర కారాగారంలో. మాది గూడూరు దగ్గర పల్లె అయినా, ఉద్యోగరీత్యా వచ్చి 30 ఏళ్లకు పైగా పెరంబూరులోనే స్థిరపడ్డాం. పదవీ విరమణ తరువాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వారానికి ఒకరోజు అక్కడికి వెళుతున్నాను. మూలకడై దాటి, మాధవరం మీదుగా జీఎన్‌టీ రోడ్డు పట్టుకుని వెళితే రెడ్ హిల్స్ చేరేలోపే ఆ గోడలు కనిపిస్తాయి. మన నెల్లూరుకు, విజయవాడకు వెళ్లే బస్సులన్నీ ఆ దారినే పోతాయి కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లలో దానిని కిటికీలోంచి చూడనివారు ఉండరు. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఉండిన పాత మద్రాసు సెంట్రల్ జైలు నుంచి ఖైదీలను 2006లో ఇక్కడికి మార్చారు. ఆ పాత కట్టడాన్ని 2009లో కూల్చేశారు. శిక్ష పడినవారికి పుళల్-1, విచారణలో ఉన్నవారికి పుళల్-2, మహిళలకు ప్రత్యేక కారాగారం, ఇలా మూడు విడివిడిగా ఉంటాయి. తరగతులు ఎక్కువగా తమిళంలోనే నడుస్తాయి. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చినవాళ్లు, గుమ్మిడిపూండి చుట్టుపక్కల తెలుగు ఇళ్లవాళ్లు కొందరు ఎప్పుడూ ఉంటారు గనుక, లెక్కల పాఠం వాళ్లకు తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. ఎవరు ఏ నేరం మీద వచ్చారో నేను అడగను. నేను పాటించే నియమం అదొక్కటే.

నేను అక్కడికి వెళ్లడానికి ఒక కారణం ఉంది, దానిని ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. సుమారు 20 ఏళ్ల క్రితం ఉత్తర చెన్నైలోని ఒక శాఖలో నేను రుణాల విభాగం చూస్తున్నప్పుడు, ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన కింద ఒక యువకుడి దరఖాస్తు వచ్చింది. 1993లో మొదలై, 2008లో మరో పథకంలో కలిసిపోయిన పథకం అది; ఎనిమిదో తరగతి చదివిన నిరుద్యోగ యువతకు ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇవ్వడం దాని ఉద్దేశం. వెల్డింగ్ షాపు పెట్టుకుంటానని అతను అడిగాడు. మధ్యలో మూడేళ్లు ఏం చేశావని అడిగితే, తల దించుకోకుండా, గొంతు తగ్గించకుండా, జైల్లో ఉన్నానని, వెల్డింగ్ అక్కడే నేర్చుకున్నానని చెప్పాడు. అతని కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను వారం రోజులు ఫైలు దగ్గర పెట్టుకుని, 'ఈ యూనిట్ లాభసాటిగా నడవదు' అని రాసి తిప్పి పంపాను. ఆ వీధిలో వెల్డింగ్ పనికి ఎంత గిరాకీ ఉందో నాకు తెలుసు. నేను రాసింది అబద్ధమని కూడా తెలుసు. నిజం చెప్పినందుకు అతనికి శిక్ష పడింది. ఆ శిక్ష వేసింది ఏ న్యాయస్థానమూ కాదు, నేను. తరువాత అతను ఏమయ్యాడో నాకు తెలియదు.

అందుకే ఈ విషయం మీద ఎవరు ఏం మాట్లాడినా నేను రెండు వైపుల నుంచీ వింటాను. జైలు నుంచి వచ్చినవాడికి వ్యాపారం నేర్పితే చాలు, తన కాళ్ల మీద తాను నిలబడతాడు అనేవారిని చూస్తే నాకు ఆ ఫైలు గుర్తుకొస్తుంది. ఆ యువకుడికి విద్య ఉంది, ధైర్యం ఉంది, చేయగలిగిన పని ఉంది. లేనిదల్లా అతణ్ణి నమ్మి అప్పు ఇచ్చే మనిషి.

శిక్షణను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. శిక్షణలో నిజమైన బలం ఉంది, దానికి మన తెలుగునేల మీదే ఒక చరిత్ర కూడా ఉంది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ 1964లో కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్నతరహా పరిశ్రమల శిక్షణ సంస్థ ద్వారా తరగతులు పెట్టించాడు. సాధించాలనే పట్టుదల పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదని, దానిని నేర్పవచ్చని ఆయన వాదన. ఆయన వాడిన ఆటల్లో ఒకటి ఈనాటికీ దేశమంతటా వ్యాపార శిక్షణ తరగతుల్లో ఆడిస్తారు: నేల మీద ఒక మేకు నిలబెట్టి, కొంత దూరం నుంచి దానిమీదికి రింగులు వేయమంటారు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడినవాడు ఓటమికి భయపడుతున్నాడు, మరీ దూరం నిలబడినవాడు అదృష్టం మీద భారం వేస్తున్నాడు, కష్టపడితే పడుతుందనిపించే దూరంలో నిలబడినవాడికి తన సత్తా ఎంతో తెలుసు అని దాని అర్థం.

లోపలికి మేకులు తీసుకువెళ్లడం కుదరదు గనుక మేము నీళ్ల సీసాను, గుడ్డ పేలికలతో అల్లిన చుట్టలను వాడతాం. బయట ఈ ఆట ఆడించినప్పుడు మనుషులు అన్ని దూరాల్లోనూ నిలబడతారు. లోపల నేను చూసినంతవరకు రెండే వరుసలు. ఎక్కువమంది సీసా పక్కనే, దాదాపు చేత్తో తొడిగేంత దగ్గరగా నిలబడతారు. కొందరు గది చివరి గోడకు ఆనుకుని నిలబడి గట్టిగా విసురుతారు. మధ్యలో జాగా ఖాళీగా ఉంటుంది. ఆ మధ్య దూరానికి ఒక్కొక్కరినీ రప్పించడానికి నాకు నాలుగు వారాలు పడుతుంది. మొదటిసారి అక్కడ నిలబడి రెండు వేసి, మూడోది తప్పిపోయినప్పుడు కూడా నవ్వగలిగిన మనిషి ముఖం చూడటం కోసం నేను ఎంత ఎండలోనైనా పుళల్ వెళతాను.

కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల వారు, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెట్ సంస్థలోనూ ఇటువంటి ఆటలే పునాది. దాని నమూనాతోనే తరువాత జిల్లాకొకటిగా గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వచ్చాయి, వాటిలో కొన్ని కారాగారాల్లోకీ వెళ్లి తరగతులు నడిపాయి. కోళ్ల పెంపకం, కుట్టుపని, సెల్‌ఫోన్ల మరమ్మతు వంటి పది నుంచి ముప్పై రోజుల కోర్సులు అవి. మంచి పని, ఇంకా విరివిగా జరగాలి.

అయితే ఈ తరగతులు ఎవరికి అందుతున్నాయన్నది చూసినప్పుడు నాకు మనసు కుదుటపడదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని కారాగారాల్లో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలు. పని చేయించడం, కూలీ ఇవ్వడం, వృత్తి నేర్పడం అన్నీ ప్రధానంగా శిక్ష పడినవారి చుట్టూ అల్లుకున్న ఏర్పాట్లు. నేను వెళ్లేదీ వారి దగ్గరికే. మిగతా ఆ 75 శాతంలో ఎక్కువమంది, ఎప్పుడు బయటికి పోతారో తెలియదు కాబట్టి ఏ కోర్సులోనూ చేరలేక, కొన్ని నెలలో, ఏళ్లో ఊరికే కూర్చుని, చివరికి నిర్దోషులని తేలినా సరే వట్టి చేతులతో బయటికి వస్తారు. నేర విచారణ పద్ధతికి కొత్తగా వచ్చిన చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే కేసులకు ఇది వర్తించదు. ఇది పాత కేసులకు కూడా చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎంతోమందికి అది ఊపిరి పోసే మాట. అలా ఒకరోజు సాయంత్రం హఠాత్తుగా తలుపు తెరుచుకున్నవాడికి మరునాడు పొద్దున ఏ పని దొరుకుతుందన్నది మాత్రం ఇంకా ఎవరి బాధ్యతా కాలేదు.

శిక్ష పడినవారి విషయంలో పెట్టుబడి ఎక్కడిదన్నది మరో ప్రశ్న. బంధువులు చేతులు దులుపుకున్నాక అతని చేతిలో ఉండే సొమ్మల్లా లోపల సంపాదించిన కూలీయే. ఖైదీల చేత పని చేయించినప్పుడు న్యాయమైన కూలీ చెల్లించాలని, అందులో కొంత భాగం నేరం వల్ల నష్టపోయినవారి కోసం తీయడానికి చట్టం చేయవచ్చునని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రెండో మాట కూడా నాకు ముఖ్యమే. రెండో అవకాశం గురించి మాట్లాడేటప్పుడు నష్టపోయిన కుటుంబాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కూలీ రేట్లు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. కర్ణాటకలో కొన్నేళ్ల క్రితం వాటిని ఒక్కసారిగా పెంచి, నైపుణ్యం లేని పనికి కూడా రోజుకు 500 రూపాయలు దాటించారు. ఐదేళ్లు అలా పనిచేసినవాడు బయటికి వచ్చేటప్పుడు ఒక కంప్రెసరో, రెండు కుట్టుమిషన్లో కొనుక్కోగలడు. రోజుకు వంద, నూటయాభై వచ్చే చోట అదే మనిషి చేతిలో అందులో చిన్న భాగమే ఉంటుంది.

ఏ పని ఇస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని మరొక కులానికి అన్నట్టు చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో నిన్నమొన్నటి దాకా రాసి ఉన్న నియమాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. ఆ తీర్పును చాలామంది కులవివక్ష కోణంలో చదివారు, అది సహజం. నేను దానిని ఉపాధి కోణంలో కూడా చదివాను. లోపల పదేళ్లు చీపురు తప్ప మరొకటి పట్టుకోనివ్వని మనిషికి విడుదలయ్యే ముందు నెల వ్యాపార తరగతి పెట్టి ఏం ప్రయోజనం?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు తరగతి గదిలో కాక రోడ్డు మీద ఉంది. తమిళనాడు జైళ్ల శాఖ, ఇండియన్ ఆయిల్ కలిసి 'ఫ్రీడమ్' పేరుతో నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలే పని చేస్తారు. పుళల్ దగ్గర మహిళా ఖైదీలు నడిపే బంకు 2023 ఆగస్టులో మొదలైంది. హైదరాబాదు చంచల్‌గూడ దగ్గర కూడా జైళ్ల శాఖ బంకు చాలాకాలంగా ఉంది, అక్కడి జైళ్లలో తయారైన వస్తువులు 'మై నేషన్' పేరుతో అమ్ముతారు. నేను వీలైనప్పుడల్లా పుళల్ బంకులోనే నా స్కూటరుకు పెట్రోలు పోయించుకుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు నా ముందు నిలబడిన ఆమెకు 45 ఏళ్లుంటాయి. "జీరో పారుంగ సార్" (జీరో చూడండి సార్) అని మీటరు వైపు చూపించి, నేను చూశానని రూఢి చేసుకునే దాకా పైపు నొక్కలేదు. 300 రూపాయలకు పోసి, నేను ఇచ్చిన 500 నోటును వెలుతురుకు ఎత్తి చూసి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి రెండు వందల నోట్లు తీసి, ఒకదాన్నొకటి అంటుకోలేదని వేళ్లతో రాసి చూసి నా చేతిలో పెట్టింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. ఏ నేరం మీద వచ్చిందో తెలియని ఒక మనిషి నడుముకు రోజూ వేల రూపాయలున్న సంచి కట్టి, ముక్కూ మొహం తెలియని జనం మధ్య నిలబెట్టారు; సాయంత్రానికి లెక్క సరిపోతోంది. నేను నాలుగు వారాలు చెప్పే పాఠం ఆ సంచి ఒక్క పూటలో చెబుతుంది.

అందువల్లే నా అభిప్రాయం కొంత మారింది. జైలు నుంచి వచ్చినవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి వ్యాపారం నేర్పుదాం అనే ఆలోచనలో ఒక తిరకాసు ఉంది. వ్యాపారానికి పెట్టుబడి కావాలి, పరిచయాలు కావాలి, అరువు పుట్టాలి, నష్టం వస్తే ఆరు నెలలు ఇల్లు గడవాలి. సమాజంలో ఇవన్నీ అందరికన్నా తక్కువగా ఉన్న మనిషి చేత మనం అందరికన్నా కష్టమైన పని మొదట చేయిస్తున్నాం. ముందు ఒక జీతం, ఒక యజమాని, పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. వ్యాపారం రెండో మెట్టు.

పంక్చర్ అతని కథ కూడా అలాగే నడిచింది. అతను విడుదలైన రోజు నేను మాధవరం బస్టాండుకు వెళ్లాను. ఆంధ్ర బస్సులు 2018 నుంచి అక్కడి నుంచే బయలుదేరుతున్నాయి కాబట్టి, పుళల్ నుంచి వచ్చే మన తెలుగువాళ్లకు బయటి ప్రపంచంలో మొదటి మజిలీ అదే. ఒక గుడ్డ సంచి, అందులో ఐదేళ్ల నాటి చొక్కా ప్యాంటు, పనిచేయని ఫోను ఒకటి. నాయుడుపేట బస్సు ఎక్కించి వచ్చాను. పదకొండో రోజున ఫోను చేశాడు. "ఊళ్లో నాతో ఎవురూ గొడవ పడలేదు సార్, మాట్లాడనూ లేదు" అన్నాడు. అన్న పిల్లలను తన దగ్గరికి రానివ్వడం లేదని ఆ తరువాత ఎప్పుడో చెప్పాడు.

రెడ్ హిల్స్‌లో బియ్యం మిల్లులు ఎక్కువ, వాటికోసం వచ్చే లారీలూ ఎక్కువే, కాబట్టి టైర్ల షాపులకు పని ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మా జిల్లావాడే అయిన ఒక షాపు యజమాని నాకు పరిచయం. వెళ్లి ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాకు కావాల్సింది పొద్దున ఆరింటికి షట్టర్ తీసేవాడు, అన్నా. తీస్తాడా?" అని మాత్రం అడిగారు. పోలీసు సర్టిఫికెట్ అడగలేదు. గల్లాపెట్టె తాళం మాత్రం మొదటి నాలుగు నెలలూ తన దగ్గరే పెట్టుకున్నారు. దానిని నేను తప్పు పట్టను, అతనూ పట్టలేదు. లారీ టైరు లోపలి నుంచి ట్యూబును తీసి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట గోరుతో గుర్తు పెట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ఊదుకుంటూ ఆరనిచ్చే ఆ మనిషిని ఒక మధ్యాహ్నం దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. సొల్యూషన్ ఆరేదాకా ఆగడమే ఈ పనిలో విద్య అంతా అని అతనే నాకు లోపల ఉన్నప్పుడు చెప్పాడు.

అందరికీ అలాంటి యజమాని దొరకడు. ఈ రోజుల్లో సామాన్లు మోసే పనికీ, ఇళ్లకు పొట్లాలు చేర్చే పనికీ గతం తవ్వి చూస్తున్నారు. మన చట్టంలో కొంత దయ లేకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, శిక్ష వేయకుండా మందలింపుతో గానీ మంచి నడవడి బాండు మీద గానీ వదిలిపెట్టిన మనిషికి ఆ నేరనిర్ధారణ వల్ల ఏ అనర్హతా అంటదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, దరఖాస్తులో పాత కేసు దాచినవారి విషయం పరిశీలిస్తూ, చిన్న వయసులో చేసిన చిన్న తప్పులను యజమాని మన్నించవచ్చునని చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణి తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం యజమానికే వదిలింది. అంటే దాచితే తప్పు, చెబితే గ్యారంటీ లేదు. అమెరికాలో 2004 ప్రాంతంలో మొదలైన ఒక ఉద్యమం, దరఖాస్తు ఫారంలో నేరచరిత్ర గడినే తీసేయమని పోరాడింది. దాని ఫలితంగా 2019లో అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, ముందు ఉద్యోగం ఇస్తామని చెప్పిన తరువాతే ఆ ప్రశ్న అడగాలని చట్టం వచ్చింది. టెక్సాస్‌లో అదే 2004లో మొదలైన ఖైదీల వ్యాపార శిక్షణ కార్యక్రమం, పాఠంతో సరిపెట్టక, విడుదలైనవాడికి ఉండటానికి చోటు, వెంట నడిచే ఒక వ్యాపారవేత్త, చేరడానికి ఒక ఉద్యోగం కూడా చూపిస్తుంది. మనం కోర్సును మాత్రం తెచ్చుకున్నాం, మిగతా మూడూ తెచ్చుకోలేదు.

గతం ఎంతకాలం వెంటాడుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన స్టువర్టుపురం మన బాపట్ల పక్కనే ఉంది. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ఏ నేరమూ చేయని ఆ ఊరి పిల్లలు చదువుకుని ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఊరి పేరు చెప్పడానికి తడుముకోవలసిన పరిస్థితి మాత్రం ఆ తరువాత ఎన్నో ఏళ్లు సాగింది. నిజంగానే శిక్ష పడినవాడి పరిస్థితి ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ ఏడాది మొదట్లో పంక్చర్ అతను తనకంటూ ఒక చిన్న కొట్టు పెట్టుకుంటానన్నాడు. టైర్ల షాపు యజమాని సంతోషంగా ఒప్పుకున్నారు. ట్యూబులు, ప్యాచ్‌లు నెల అరువు మీద ఇస్తానన్నారు. పాత కంప్రెసర్ ఒకటి 22,000కు దొరికింది. తక్కువ పడిన డబ్బు కోసం, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో 'శిశు' అనే రకం రుణం అడుగుదామన్నాను; 50,000 రూపాయల దాకా తాకట్టు అక్కర్లేదు. ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. అక్కడ మొదలైంది అసలు కథ. రెండేళ్లకు మించి లావాదేవీ లేదు గనుక అతని ఖాతా నిలిచిపోయింది. దానిని మళ్లీ తెరవడానికి రుసుము ఏమీ లేదు గానీ, కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు, కొత్తగా ఇవ్వాలి. దానికి ఆధార్ కావాలి, ఆధార్‌కు ఓటీపీ రావాలి, ఆ ఓటీపీ వెళ్లే నంబరు అతను లోపల ఉండగానే వేరెవరి పేరు మీదికో పోయింది. చిరునామా నాయుడుపేటది, అతను ఉండేది రెడ్ హిల్స్‌లో షాపు పైన రేకుల గదిలో, దానికి అద్దె కాగితం లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, అరెస్టుకు ముందు కొన్న మోటారుసైకిలు. లోపల ఉన్నవాడు వాయిదా ఎలా కడతాడు? 90 రోజులు దాటగానే అది మొండి బాకీల జాబితాలోకి ఎక్కింది, ఎవరు అప్పు ఎలా తీర్చారో చూపే సిబిల్ రికార్డులో అలాగే ఉండిపోయింది. కోర్టు వేసిన శిక్ష పూర్తయిన తేదీ ఒకటి ఉంది. ఈ రికార్డుకు అలాంటి తేదీ ఎక్కడా కనిపించలేదు.

జైలు గేటు దాటేముందే ఈ కాగితాల పని పూర్తిచేయడం అసాధ్యమేమీ కాదు. విడుదలకు మూడు నెలల ముందు ఆధార్ నవీకరణ, ఖాతా పునరుద్ధరణ, పాత బాకీ మీద బ్యాంకుతో ఒక మాట, ఇవి మూడూ లోపలే జరిగితే నా నాలుగు వారాల తరగతికన్నా ఎక్కువ ఫలితం వస్తుంది. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఆధార్ యంత్రం, నెలకు రెండు రోజులు చాలు. నేను అడిగిన చోటల్లా ఇది అడుగుతూనే ఉన్నాను.

ఆధార్‌లో ఫోను నంబరు మార్చడానికి మాకు రెండు వారాలు పట్టింది. మోటారుసైకిలు బాకీని ఫైనాన్స్ వాళ్లతో మాట్లాడి మూడు వాయిదాల్లో తీర్చేలా ఒప్పందం రాయించాం, రెండు కట్టాడు. పోయిన మంగళవారం దరఖాస్తు పట్టుకుని మళ్లీ వెళ్లాం. బల్లకు అవతల కూర్చున్న అధికారి 30 ఏళ్లు కూడా లేని అమ్మాయి. ఖర్చుల కాగితం పైనుంచి కిందికి చదివింది. అందులో ప్యాచ్, సొల్యూషన్, కరెంటు, అద్దె తరువాత 'నా కూలీ' అని ఒక వరుస, దాని ఎదురుగా 35 రూపాయలు ఉన్నాయి. దాని మీద ఆమె ఏమీ అనలేదు. తలెత్తి, "మధ్యలో ఈ ఐదేళ్లు ఏం పని చేశారు?" అని అడిగింది. నేను ఎటో చూస్తూ కూర్చున్నాను. అతను గొంతు సవరించుకుని, "పుళల్‌లో ఉన్నాను మేడమ్" అన్నాడు. ఆమె కలం ఆగింది. కొన్ని క్షణాల తరువాత కొట్టు పెట్టబోయే చోటు ఎక్కడో అడిగి, పటం వేయించుకుని, వచ్చే శుక్రవారం పదకొండు గంటలకు తానే వచ్చి చూస్తానని చెప్పింది. షట్టర్‌కు రంగు ఇంకా వేయలేదు, అంతలోపు వేయాలని అతను బయటికి వస్తూనే అన్నాడు.